ఒక ఒరలో ఎన్ని కత్తులు? చిన్న రీఫ్ (పగడపు దిబ్బల) చేపల పొత్తు గురించి

ఉప్పునీటి ట్యాంకు మొదలుపెట్టే ప్రతివాళ్ల చేతికీ ఏదో ఒకరోజు ఏ చేపకు ఏ చేపతో పొసుగుతుందో చెప్పే రంగుల పట్టిక వస్తుంది. నిలువునా చేపల పేర్లు, అడ్డంగా అవే పేర్లు, రెండూ కలిసే గడిలో ఆకుపచ్చో పసుపో ఎరుపో. ఈమధ్య చూసిన అలాంటి పట్టికలో మొండి చేప సిక్స్‌లైన్ రాస్‌కీ పిరికి చేప ఫైర్‌ఫిష్‌కీ మధ్య గడి పసుపు. కింద ‘జాగ్రత్త’ అని ఒక్క మాట. ఏం జాగ్రత్త? ఏది ముందు దిగాలి, ట్యాంకు ఎంత పొడవుండాలి, దాక్కునే సందులెన్ని ఉండాలి? ఆ గడిలో ఇవేవీ పట్టవు.

ఫైర్‌ఫిష్ ముందుగా దిగి, తన సందు చూసుకుని, నెలా రెండు నెలలు స్థిరపడ్డ 120 సెం.మీ. ట్యాంకులో ఆ రెండూ ఏళ్ల తరబడి కలిసి బతకొచ్చు. అవే రెండు చేపలు 60 సెం.మీ. ట్యాంకులో, రాస్ ముందునుంచీ ఉండగా కలిస్తే, ఫైర్‌ఫిష్ వారం తిరక్కుండా మూత సందులోంచి దూకి నేలమీద ఎండిపోయి దొరకొచ్చు. పట్టికలో రెండు కథలకీ ఒకటే పసుపు.

అందుకే పొంతన అనేది రెండు పేర్ల మధ్య ఉండే గుణం కాదని నా వాదన. దాన్ని మనం కట్టాలి. వరుసక్రమం, రాళ్ల అమరిక, ట్యాంకు పొడవు, తిండి పెట్టే పద్ధతి కలిస్తే వచ్చేది అది. కొన్ని చేపల విషయంలో ఎంత కట్టినా నిలవదు, ఆ సంగతీ చెబుతాను.

జాగా తగాదా

పెద్ద చేప చిన్న చేపను మింగుతుందన్న లెక్క ఇక్కడ పెద్దగా పనికిరాదు. మనం మాట్లాడుకునే చేపలు చాలావరకు పది సెంటీమీటర్ల లోపువి, ఒకదాని నోట్లో ఇంకొకటి పట్టదు. అయినా చంపుకుంటాయి. ఒక రాతి రంధ్రం కోసం, ఒక గుహ పైకప్పు కోసం, పాచి పెరిగే అరచేతి వెడల్పు రాయి కోసం.

త్రీస్పాట్ డామ్సెల్ అనే చేప మీద మైర్‌బర్గ్, థ్రెషర్ అనే శాస్త్రవేత్తలు 1974లో ప్రచురించిన పరిశీలన ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించింది. ఆ చేప తన జాగా చుట్టూ ఒకే కంచె వేసుకోదు. సొంత జాతి చేప కనిపిస్తే దూరంనుంచే మీదికి వెళుతుంది. వేరే జాతుల్లో కొన్నింటిని మాత్రం బాగా దగ్గరికి వచ్చేదాకా పట్టించుకోదు. వచ్చినదెవరన్నదాన్ని బట్టి కంచె ముందుకీ వెనక్కీ జరుగుతుందన్నమాట.

ఇప్పుడు ఆ కంచెను గాజు డబ్బాలో ఊహించుకోండి. సముద్రంలో తరిమించుకున్న చేప వెళ్లిపోతుంది, తరిమిన చేప వెనుదిరుగుతుంది, కథ అక్కడితో అయిపోతుంది. ట్యాంకులో తరిమించుకున్న చేప అర మీటరు ఈది గాజుకు తగిలి ఆగుతుంది. ఇంకా కంచె లోపలే ఉంటుంది. తరిమే చేపకు పని ఎప్పటికీ పూర్తికాదు. ‘ఇది చెడ్డ చేప’ అని మనం ముద్ర వేసే చాలా చేపలు నిజానికి పూర్తికాని పనిని రోజంతా చేస్తున్న చేపలే.

ఇక్కడొక లెక్క చూడండి. 60×45×45 సెం.మీ. ట్యాంకులో దాదాపు 120 లీటర్లు పడతాయి. 90×35×40 ట్యాంకులో దాదాపు 126. నీళ్లు ఇంచుమించు సమానమే, కానీ చేపలకు రెండోది చాలా మెరుగు, ఎందుకంటే పారిపోయే దారి ఒకటిన్నర రెట్లు. ‘ఎన్ని లీటర్లకు ఎన్ని చేపలు’ అన్న లెక్క మురికికి సంబంధించింది. తగాదాకు సంబంధించిన కొలత పొడవు.

ముందొచ్చిన చేపదే కొమ్ము

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ట్యాంకులో ఇది పూర్తిగా తలకిందులు. ముందొచ్చిన చేపకు ప్రతి సందూ తెలుసు, ప్రతి మూలా తనదే. కొత్తగా వచ్చినదానికి తెలిసిందల్లా తాను దాక్కోలేకపోతున్నానన్నదే. కాబట్టి పిరికివి ముందు, మొండివి చివర.

90×45×45 ట్యాంకు తీసుకుందాం. 180 లీటర్ల గాజు, రాళ్లూ ఇసుకా పోగా 150 లీటర్ల దాకా నీళ్లు. నేనైతే ఇలా దింపమంటాను: మొదట ఒక ఫైర్‌ఫిష్. తర్వాత ఎల్లో వాచ్‌మన్ గోబీ, దాంతోపాటే దానితో ఒకే బొరియలో కాపురముండే జోడు, పిస్టల్ రొయ్య. ట్యాంకుకు మూడు నెలలు నిండి రాళ్లమీద పాచి పట్టాక ఒక టెయిల్‌స్పాట్ బ్లెన్నీ. ఆపైన రాయల్ గ్రామా. అన్నిటికీ చివర ఆసెలారిస్ క్లౌన్ జంట. మధ్యలో కనీసం నాలుగు వారాల ఎడం. ఈ ఎడం ఒక్క తగాదా కోసమే కాదు. కొత్త చేప తెచ్చే అమ్మోనియాకు సరిపడా బ్యాక్టీరియా పెరగడానికి, తర్వాతి చేప వేరే ట్యాంకులో క్వారంటైన్ పూర్తిచేయడానికి కూడా అదే సమయం సరిపోతుంది.

చాలామంది చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. క్లౌన్‌ఫిష్ గట్టి చేప, కొత్త ట్యాంకును తట్టుకుంటుంది, పైగా అందరికీ ఇష్టం, కాబట్టి అదే మొదట దిగుతుంది. ఏడాది గడిచేసరికి పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగగా నిలుస్తుంది, హీటరు పక్కనో పంపు వెనకో గుడ్లు పెడతాయి. అప్పటిదాకా సాధువుగా ఉన్న జంట గుడ్ల చుట్టూ జానెడు జాగాలోకి ఎవరినీ రానివ్వదు, మీ చేతితో సహా. అప్పుడు దింపిన ఫైర్‌ఫిష్‌కి మిగిలేది నీటి పైమూల ఒక్కటే.

ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. సిక్స్‌లైన్‌ను చివరన దింపినా ఏడాదిలో రాజ్యం దానిదే అవుతుంది కదా? చాలాసార్లు అవుతుంది. వరుసక్రమం తగాదాను వాయిదా వేస్తుంది, కొన్నిసార్లు మెత్తబరుస్తుంది, పూర్తిగా చెరిపేయదు. ముందే స్థిరపడ్డ చేపల జోలికి ఆ రాస్ పెద్దగా పోకపోవచ్చు. కానీ అది దిగాక ఆ ట్యాంకులోకి కొత్త చేపల రాక ఇంచుమించు ఆగిపోయినట్టే. దాన్ని దింపడమంటే తలుపు మూసేయడమని ముందే ఒప్పుకుని దింపాలి. చదునైన ఎర్ర పురుగుల్ని, క్లామ్‌లనే ఆల్చిప్పలను పీల్చే చిన్న నత్తల్ని ఏరుకు తింటుందని మెచ్చుకుంటారు, ఆ మాట నిజమే. అదే పనికి పోసమ్ రాస్ ఉంది, నెమ్మదస్తురాలు. 90 సెం.మీ. లోపు ట్యాంకుకు నేను దాన్నే చెబుతాను.

రాళ్లు పేర్చేటప్పుడే

రాయల్ గ్రామా కరీబియన్ చేప. రాయల్ డాటీబ్యాక్ పశ్చిమ పసిఫిక్‌ది. సముద్రంలో ఈ రెండూ ఎన్నడూ ఎదురుపడవు. కానీ రెండింటికీ ముందుభాగం ఊదా, వెనక భాగం పసుపు. రెండూ వేలెడంత, రెండూ గుహవాసులు. ఒకే ట్యాంకులో పెడితే పాత పగలున్నట్టు కొట్టుకుంటాయి. నోరు బార్లా తెరిచి ఎదురెదురుగా నిలబడటంతో మొదలై, సాధారణంగా గ్రామా ఓడటంతో ముగుస్తుంది. జాతి వేరైతే చాలనుకునేవాళ్లు ఈ జంట దగ్గరే దెబ్బతింటారు. చేప చూసేది ఒంటి ఆకారం, రంగు, వచ్చినది ఏ సందువైపు చూస్తోందన్నది. వర్గీకరణ పుస్తకంతో దానికి పనిలేదు.

కాబట్టి చేపల జాబితా రాసేముందు ఇళ్ల జాబితా రాయాలి. ఇసుకలో బొరియ ఎవరిది? రాతి అడుగున సందు ఎవరిది? తలకిందులుగా వేలాడటానికి గుహ పైకప్పు ఎవరిది? రాతి పైభాగంలో వేలు పట్టే రంధ్రం ఎవరిది? రాళ్లకు ఆవల నడినీరు ఎవరిది? పైన చెప్పిన ఐదు రకాలకూ ఐదు వేర్వేరు ఇళ్లు. అందుకే ఆ జాబితా నిలుస్తుంది. ఎల్లో వాచ్‌మన్ ఉన్న 90 సెం.మీ. ట్యాంకు ఇసుకలోకి ఇంకో వాచ్‌మన్ జాతి గోబీని తెస్తే, పట్టికలో ‘గోబీ-గోబీ ఆకుపచ్చ’ అని ఉన్నా, ఇల్లు ఒకటే, కాపురాలు రెండు. గోబీల్లోనే పగడపు కొమ్మమీద కూర్చునే క్లౌన్ గోబీని తెస్తే ఏ పేచీ లేదు.

రాళ్ల అమరికలో మూడు నాలుగు విషయాలు ముఖ్యం. ఒకే గోడలా కాకుండా రెండు గుట్టలుగా పేర్చి మధ్యలో 15 సెం.మీ. ఖాళీ వదలాలి, ఒక గుట్టలో నిలబడిన చేపకు రెండోదాని వెనక భాగం కనిపించకూడదు. చూపు తెగితే తరమడం తెగుతుంది. సందులు చేపల సంఖ్య కంటే ఎక్కువ ఉండాలి, రెట్టింపైతే ఇంకా మంచిది. ప్రతి సందుకూ వీలైతే రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్న సందులోకి తరిమితే అది బోనవుతుంది. అడుగు రాళ్లు ఇసుకమీద ఆనకూడదు, గాజుమీదే ఆనాలి. పిస్టల్ రొయ్య రాతి కింద తవ్విందంటే ఇసుకమీద నిలబెట్టిన గుట్ట ఒకరాత్రి కూలి చేపనో గాజునో బలితీసుకుంటుంది. రొయ్యకోసం 20 మి.మీ. పివిసి గొట్టం ముక్క ఒకటి, పది సెంటీమీటర్లంత, రాతి అంచున ఏటవాలుగా ఇసుకలో పూడిస్తే మొదటిరోజే ఇల్లు దొరుకుతుంది, గోబీ కూడా త్వరగా జతకడుతుంది.

‘కొత్త చేప వచ్చినప్పుడు రాళ్లన్నీ మార్చేయండి, అందరూ కొత్తవాళ్లవుతారు’ అనే సలహా మంచినీటి సిక్లిడ్ చేపల పెంపకంలో బాగా చలామణి అవుతుంది. అక్కడ పనిచేస్తుంది కూడా. రాళ్లకు పగడాలు అతికించి ఉన్న చోట అది ఆచరణ సాధ్యం కాదు. వాళ్ల దగ్గరినుంచే వచ్చిన ఇంకో సలహా, ‘కిక్కిరిసేలా చేపలు వేస్తే దాడి పంచుకుపోతుంది’ అన్నది, ఇంకా ప్రమాదం. ఉప్పునీటిలో కరిగే ఆక్సిజన్ మంచినీటికంటే తక్కువ. చిన్న ట్యాంకులో ఆ కిక్కిరిసిన చేపలు, కరెంటు పోయి పంపు ఆగిన రాత్రి, కొట్టుకోకుండానే చచ్చిపోతాయి.

గుంపు అనే ఆశ

లేతాకుపచ్చ క్రోమిస్‌లు ఆరు కలిసి ఈదుతుంటే ఎంత ముచ్చటేస్తుందో తెలుసు. అందుకే ఆరు తెస్తారు. రెండు మూడు నెలలకు ఐదు, తర్వాత నాలుగు, ఏడాది తిరిగేసరికి ఒకటో రెండో. పెద్ద గొడవేదీ కనిపించదు. ప్రతిసారీ గుంపులో అన్నిటికంటే చిన్నది మూలకు చేరుతుంది, తిండికి రావడం మానేస్తుంది, ఒకరోజు కనబడదు. అది పోయాక దాని పైది చిట్టచివరిదవుతుంది. ఇందులో కొన్ని చావులు యూరోనీమా అనే పరాన్నజీవి పని, ఒంటి పక్కన ఎర్రటి పుండు కనిపిస్తే నింద తోటిచేపల మీద వేయకూడదు. కానీ పుండు లేని చావులూ ఉంటాయి.

2003లో పీటర్ బస్టన్ అనే పరిశోధకుడు పపువా న్యూగినీ పగడపు దిబ్బల్లో పెర్క్యులా క్లౌన్‌ల మీద ప్రచురించిన పని ఒకటుంది. ఒక ఎనిమోన్‌లో (క్లౌన్‌లు ఇల్లు చేసుకునే, పువ్వులాంటి సముద్రజీవి) ఉండే గుంపులో ప్రతి చేపా తన పైదానికంటే ఒక మెట్టు చిన్నగా ఉంటుంది, ఇంచుమించు 80 శాతం. పైది పోతేనే కిందిది పెరుగుతుంది, లేదంటే ఎదుగుదలను ఆపుకుని ఉంటుంది. నిచ్చెన ఉంటేనే శాంతి. క్రోమిస్ వేరే చేప, దానికి ఇదే సూత్రం అక్షరాలా వర్తిస్తుందని అనను. కానీ ఒకే తొట్టిలోంచి ఒకే కొలతవి ఆరు ఏరి తెచ్చినప్పుడు, మెట్లులేని నిచ్చెన ఇచ్చి ఎక్కమంటున్నాం అనిపిస్తుంది.

క్లౌన్ జంట విషయంలో మాత్రం ఇది నేరుగా పనికొస్తుంది. కొలతలో స్పష్టమైన తేడా ఉన్న రెండు చిన్నవాటిని తీసుకోవాలి, 4 సెం.మీ. ఒకటి, 3 సెం.మీ. ఒకటి. ఎదిగిన ఆడదానికి జోడు కావాలన్నా చిన్నపిల్లనే తేవాలి, ఇంకో ఎదిగినది తెస్తే రెండు ఆడవి ఒకే ఒరలో రెండు కత్తులే. చిన్నది పక్కకు ఒరిగి వణుకుతుంటే కంగారుపడక్కర్లేదు, అది లొంగుబాటు, జత కుదిరిందనడానికి గుర్తు. వణుకు లేకుండా పారిపోతూ, తోక రెక్క చీలుతూ ఉంటే విడదీయాలి.

బంగాయ్ కార్డినల్‌లు కూడా ఐదు తెస్తే చివరికి ఒక జంటగా మిగులుతాయి. జత కుదిరాక మిగతా మూడింటినీ తీసి వేరేచోటికి పంపే ఏర్పాటు ముందే ఉంటేనే ఐదు తేవాలి. ఇంకో సంగతి: మగది గుడ్లను నోట్లో పెట్టుకుని మూడు నాలుగు వారాలు తిండి తినదు. ఆ సమయంలో దాన్ని తరిమే చేప ఒక్కటున్నా గుడ్లు మింగేస్తుంది లేదా తానే నీరసించి పోతుంది. ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల చుట్టూ మాత్రమే పుట్టిన ఈ చేప అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది కాబట్టి, ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే తీసుకోమని గట్టిగా చెబుతాను.

గొడవ లేని ఆకలి

పట్టికలు అసలు ముట్టుకోని పొంతన తిండిది. మాండరిన్ అనే చేపను ఎవరూ పెద్దగా కొట్టరు, ఒంటిమీది జిగురు చేదని మిగతావి దాని జోలికి పోవు. అన్ని గడులూ ఆకుపచ్చే. అయినా అది నెలల్లో చిక్కి చచ్చిపోతుంది. దాని తిండి రాళ్లమీద పాకే కోపెపాడ్‌లనే అతిచిన్న జీవులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కటే ఏరుకుంటుంది. అదే ట్యాంకులో సిక్స్‌లైన్ ఉంటే అదీ అదే పని, రెట్టింపు వేగంతో. దాని బంధువు స్కూటర్ డ్రాగనెట్ ఉంటే అదీ అంతే. ఒక్క దెబ్బ పడకుండా ఒకరి కంచం ఇంకొకరు ఖాళీ చేస్తారు.

పైనుంచి చూసినప్పుడు తల వెనక ఒళ్లు లోపలికి నొక్కుకున్నట్టు, పక్కనుంచి చూసినప్పుడు పొట్ట గుంటపడినట్టు కనిపిస్తే ఆకలి ముదిరిందని అర్థం. రాళ్లు బాగా పండిన, ఏడాదికి దగ్గరైన, 200 లీటర్ల పైబడ్డ ట్యాంకులో, పోటీదారు లేకుండా ఒక్కటే ఉంచాలి. రెండు మగవైతే చచ్చేదాకా పోరాడతాయి. వెన్నుమీద మొదటి రెక్క ముల్లు పొడవుగా జెండాలా ఉంటే మగది. గడ్డకట్టిన తిండి తినడం నేర్పిన, ట్యాంకులో పుట్టినవి దొరికితే పని కొంత తేలిక.

మిగతావాటికి కూడా వడ్డన ముఖ్యం. ఒకేచోట తిండి వేస్తే బలమైనది అక్కడే కాపు కాస్తుంది. ట్యాంకు రెండు చివరలా ఒకేసారి వేయాలి. క్లౌన్‌లకు ఒక చివర గుళికలు పడుతుండగా, రెండో చివర ఫైర్‌ఫిష్ సందు ముందు పొడవాటి పిపెట్‌తో మైసిస్ రొయ్య వదలాలి. రోజుకు ఒక పెద్ద పూట బదులు రెండు మూడు చిన్న పూటలు. కడుపు నిండిన చేప తరమడం మానదు కానీ, త్వరగా ఆపేస్తుంది.

దింపే రోజు

సంచిలోంచి నేరుగా ట్యాంకులోకి వదలడం అన్నిటికంటే పెద్ద తప్పు. నాలుగు వారాల క్వారంటైన్ అయ్యాక కూడా, చిల్లులున్న అక్రిలిక్ డబ్బాలో పెట్టి ట్యాంకు లోపలే వేలాడదీయాలి. చిల్లులు 5 మి.మీ., లోపల దాక్కోవడానికి ఒక పివిసి వంపు ముక్క. మొదటి గంట పాత చేపలు డబ్బా గోడను పొడుస్తాయి, అది మామూలే. మూడోరోజుకి పట్టించుకోవడం తగ్గాలి. కొత్తది డబ్బాలోనే తిండి తినాలి. ఐదోరోజు కూడా తన తిండి వదిలేసి మరీ గోడను పొడిచే చేప ఉంటే వదలకూడదు. ముందు ఆ పొడిచేదాన్ని పట్టాలి.

వదిలేది లైట్లు తగ్గించాక, పాత చేపలకు కడుపునిండా పెట్టాక. మూత మీద 6 మి.మీ. గళ్ల వల తప్పనిసరి, పైపులూ వైర్లూ వెళ్లే మూలలతో సహా. ఫైర్‌ఫిష్, ఫెయిరీ రాస్‌లు ఆ మూలనే వెతుక్కుని దూకుతాయి.

మరుసటిరోజు చూడాల్సినవి: రెక్కలు విప్పి పక్కపక్కన నిలబడటం, రెండు క్షణాల్లో ముగిసే తరుము, ఇవి మాటామాటా అనుకోవడం లాంటివి. నీటి పైమూలలో నిలువుగా వేలాడటం, మొప్పలు వేగంగా ఆడటం, తోక రెక్క వెనకనుంచి చీలడం, తిండివేళ కూడా బయటికి రాకపోవడం, వీటిలో ఏ రెండు కనిపించినా ఆ రోజే కదలాలి. ఇలా నలిగిన చేపకే తెల్లచుక్కల జబ్బు ముందుగా పట్టుకుంటుంది. మనం మందు వెతుకుతాం, కారణం పక్కనే ఈదుతుంటుంది.

పట్టాల్సింది దెబ్బతిన్నదాన్ని కాదు, కొట్టినదాన్ని. తలుపు పడే బోను డబ్బాను రెండు మూడు రోజులు తెరిచి ఉంచి, అందులోనే తిండి వేస్తే మొండిదే ముందు వస్తుంది. పది పదిహేను రోజులు సంప్‌లోనో (ట్యాంకు నీళ్లు వడపోతకు వెళ్లే తొట్టి) వేరే ట్యాంకులోనో ఉంచి తిరిగి దింపితే, ఈసారి కొత్తగా వచ్చినది అదవుతుంది. దీనితో సర్దుకున్న క్లౌన్‌లూ బ్లెన్నీలూ చాలానే ఉన్నాయి. సిక్స్‌లైన్ సర్దుకోవడం అరుదు.

పట్టిక పక్షాన

ఇంత చెప్పాక పట్టికను చింపేయమంటున్నానా? లేదు. ఎరుపు గడుల్లో చాలావరకు నిజాలే ఉంటాయి. మెరూన్ క్లౌన్ ఆడది 15 సెం.మీ. పెరుగుతుంది, చిన్న ట్యాంకులో దాని పక్కన ఎవరినీ పెట్టలేం. మూడుచుక్కల డామినో డామ్సెల్ చిన్నప్పుడు బొత్తాంలా ముద్దుగా ఉంటుంది, పెరిగాక ట్యాంకంతా దానిదే. బ్లూ డెవిల్ డామ్సెల్ కూడా అంతే. వీటిని వరుసక్రమంతోనో రాళ్లతోనో మెత్తబరచగలమన్న ఆశ పెట్టుకోకూడదు. డామ్సెల్ కావాల్సిందేనంటే పసుపుతోకది, ఒక్కటి, చివర్లో.

చేపకూ చేపకూ స్వభావం మారుతుందన్నది ఇంకో అభ్యంతరం. ట్యాంకుల్లో పుట్టిన ఆర్కిడ్ డాటీబ్యాక్ తన బంధువులందరికంటే నెమ్మది. అదే జాతిలో అప్పుడప్పుడూ ఒక రౌడీ వస్తుంది. ఏ పట్టికా, ఏ వరుసక్రమమూ, ఈ వ్యాసమూ ఆ ఒక్క చేపను ముందే చెప్పలేవు.

అందుకే మొదటి చేప కొనేముందే ఒక 40 లీటర్ల ట్యాంకు పక్కన సిద్ధంగా ఉండాలి: హీటరు, మూత, రెండు పివిసి ముక్కలు, ప్రధాన ట్యాంకు సంప్‌లో ఎప్పుడూ నానుతూ ఉండే ఒక స్పాంజి ఫిల్టరు. అవసరమైన రోజున స్పాంజిని తీసి అందులో పెట్టి, 1.025 సాంద్రత ఉన్న ఉప్పునీళ్లు నింపితే అరగంటలో తయారు. క్వారంటైన్‌కీ అదే, రౌడీకీ అదే. ఒకేసారి రెండింటికీ కావాల్సి వస్తే, క్వారంటైన్‌లో ఉన్నదాన్ని కదపొద్దు, రౌడీని సంప్‌లో వేసి దాని మీద వల కట్టండి.